గుట్ట మీద కుక్క

మూడేళ్ళ కింద ఒక డిసెంబరు ఆదివారం పొద్దున, సంగారెడ్డి దాటాక ఉన్న ఒక గుట్ట దగ్గర మేం అయిదుగురం బండలెక్కుతున్నాం. మాతో ఒక లాబ్రడార్ కూడా వచ్చింది. మా బృందంలో ఒకతనిది. అపార్ట్‌మెంట్లో పుట్టి పెరిగిన కుక్క, ఇంతవరకూ ఎవర్నీ కరవలేదు. ‘దానికి బెల్టెందుకులే పాపం, వారానికొకసారన్నా ఉరకనీ’ అని వదిలేశాం. ఆ మాట అందరం అన్నాం, కుక్కగల ఆయన ఒక్కడే కాదు.

ఎనిమిది గంటలప్పుడు గుట్ట వెనక నుంచి గొర్రెల మంద వచ్చింది. మా కుక్క ఆడుకోవడానికే ఉరికింది. ఆ సంగతి మాకు తెలుసు, గొర్రెలకు తెలియదు. మంద చెదిరి బండల సందుల్లోకి దూకింది. ఒక సూడి గొర్రె కాలు విరిగింది.

కాపరి ముసలాయన. అరవలేదు, తిట్టలేదు. గొర్రె పక్కన కూర్చొని కాలు పట్టి చూసి, మాతో ఒక్క మాట అన్నాడు: “నాకు గూడ రెండు కుక్కలున్నయి గద బిడ్డా. అవి మీ దిక్కు ఒచ్చినయా?”

రాలేదు. మందకు అటొకటి ఇటొకటి నిలబడి గుర్రుమంటున్నాయే గానీ, ఆయన నోటితో చేసిన ఒక చిన్న చప్పుడుకు ఎక్కడివక్కడ ఆగిపోయాయి. వదిలితే మా కుక్క బతికేది కాదు. గొర్రె ఖరీదు ఇచ్చాం. తీసుకున్నాడు. తిరిగి వస్తుంటే కారులో ఎవరో, ‘అదే ఫారిన్‌లో అయితే ఇట్లాంటివాటికి రూల్స్ ఉంటాయి’ అన్నారు. నాకు మాత్రం ముసలాయన చేసిన ఆ చప్పుడే చెవిలో మిగిలింది. రూలంటే అదే కదా. మనకు లేనిది, ఆయనకు ఉన్నది.

రాళ్ళ మీద కుక్కను ఎట్లా తిప్పుకోవాలి అనేది చిన్న విషయంలాగే కనిపిస్తుంది. కానీ ఆ గుట్ట ఎవరిది, దాని మీద ముందునుంచీ ఉన్నదెవరు, మొన్న వచ్చిందెవరు అని అడగకుండా దానికి జవాబు చెప్పలేం. అందుకే ఇది మర్యాదల పట్టిక కంటే ఎక్కువగా చరిత్ర అవుతుంది.

*

హైదరాబాదు నుంచి అమీన్‌పూర్, పటాన్‌చెరు, సంగారెడ్డి దాకా కనిపించే ఈ గ్రానైటు వయసు సుమారు 250 కోట్ల ఏళ్ళు. భూమి లోపల గట్టిపడ్డ రాయి పైనున్న పొరలు కొట్టుకుపోయి బయటపడింది. ఎండకూ వానకూ ఉల్లిపొరల్లా ఊడుతూ, పగుళ్ళ వెంట విడిపోతూ, చివరికి ఎవరో ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు నిలబడింది. పైన గరుకుగా ఉండి కాలు జారనివ్వదు కాబట్టి బండలెక్కే వాళ్ళకు ఇష్టం. నాగలి సాగదు కాబట్టి రైతుకు పనికిరాదు. అందువల్లే ఇన్ని శతాబ్దాలూ అది మేకలకూ గొర్రెలకూ, సీతాఫలం ఏరుకునే వాళ్ళకూ, రాయి కొట్టే వడ్డెరలకూ మిగిలింది. రెవెన్యూ లెక్కల్లో గైరాన్ అనో, సర్కారీ గుట్ట అనో ఉంటుంది. కాగితం మీద ఎవరిదీ కాదు, వాడకంలో మాత్రం చాలామందిది.

మనుషులే కాదు. సందుల్లో ఉడుములు, ముంగిసలు ఉంటాయి. పొదల కింద కౌజులు, నెమళ్ళు నేల మీదే గుడ్లు పెడతాయి. రాతి అంచుల మీద, పాత క్వారీ గోడల్లో పెద్ద గుడ్లగూబ చలికాలం నుంచి ఎండాకాలం మొదలయ్యేదాకా గుడ్లు పెట్టి పిల్లల్ని సాకుతుంది. గూడు కట్టదు, వట్టి బండ అంచే దాని ఇల్లు. మనకు రాళ్ళెక్కడానికి అనువైన నెలలూ అవే.

ఈ పక్క పారే ఒక వాగు పేరు నక్కవాగు. పటాన్‌చెరు మీదుగా పోయి మంజీరలో కలుస్తుంది. కుక్కకు చుట్టమైన జంతువు పేరుతో వాగును పిలిచారంటే, ఒకప్పుడు ఆ ఒడ్డున ఎవరి రాకపోకలు ఎక్కువో ఊహించుకోవచ్చు. 1970ల నుంచి పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీలొచ్చాయి. వాటి వ్యర్థాలు వాగులో కలిశాయి. పంటలు, బావులు పాడైపోయి, 1990లో వ్యవహారం సుప్రీంకోర్టుకు ఎక్కింది. దశాబ్దాల పాటు ఏదో ఒక కోర్టులో నడుస్తూనే వచ్చింది. పేరు మాత్రం నక్కవాగుగానే ఉంది.

*

కుక్కా, రాయీ, మర్యాదా అనే మూడింటినీ కలిపి ఆలోచించిన వాళ్ళు మన పుస్తకాల్లో చాలా పాతవాళ్ళే. ఋగ్వేదం పదో మండలంలో సరమ అనే ఇంద్రుడి ఆడకుక్క ఉంది. పణులు దాచిన ఆవుల జాడ తీస్తూ రస అనే నది దాటి వెళ్తుంది. ఆ సంపద రాతి కొండ మరుగున ఉంది. పణులు ఆమెకు వాటా ఇస్తామని ఆశపెడతారు, చెల్లెలా అని పిలుస్తారు. ఆమె లొంగదు. పశువుల కోసం రాళ్ళ మధ్య తిరిగే కుక్క, పనికి కట్టుబడిన కుక్క. మన కాపరి కుక్కలకు ముత్తవ్వ అనుకోవచ్చు.

మహాభారతం ఆదిపర్వంలో మళ్ళీ ఈ సరమే వస్తుంది. నన్నయ తెలుగులోనూ ఆ కథ ఉంది. జనమేజయుడి యాగశాల దగ్గరికి సరమ కొడుకు, అంటే ఒక కుక్కపిల్ల, వస్తే రాజు తమ్ముళ్ళు దాన్ని కొట్టి తరుముతారు. అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. తల్లి అనే మాట గమనించాలి: నువ్వేదో తప్పు చేసే ఉంటావు. లేదంటుంది పిల్ల. హవిస్సును నాకలేదు, కనీసం దానివైపు చూడలేదు. అప్పుడు సరమ సభకు వచ్చి, తప్పు లేని వాణ్ణి ఎందుకు కొట్టారని అడుగుతుంది. ఎవరూ బదులు చెప్పరు. తలవని తలంపుగా మీకు భయం కలుగుతుందని శపించి పోతుంది.

ఇందులో రెండు పక్షాలకూ పని ఉంది. కొత్త చోటికి వచ్చిన కుక్క అక్కడి వస్తువుల మీద మూతి పెట్టకూడదు, అది కుక్క మర్యాద. మూతి పెట్టని కుక్కను కొట్టకూడదు, అది మనుషుల మర్యాద. మా లాబ్రడార్ విషయంలో మొదటిది మేం తప్పాం. ముసలాయన మాత్రం రెండోదాన్ని కూడా నిలబెట్టాడు.

భారతం చివర మహాప్రస్థానంలో మరో కుక్క ఉంది. హస్తినాపురం నుంచి వెంట వచ్చి, అందరూ ఒక్కొక్కరే పడిపోయినా ధర్మరాజు వెనకే కొండదారిలో నడిచింది. స్వర్గంలో కుక్కలకు చోటు లేదని ఇంద్రుడంటే, నన్ను నమ్మి వచ్చినదాన్ని వదలనంటాడు ధర్మరాజు. మనవాళ్ళు ఇది చెప్పుకునేటప్పుడు ఆయన ప్రేమ గురించే చెప్తారు. కానీ అంత దూరం వచ్చిన ఆ కుక్క దారిలో ఎవరినీ ఏమీ చేయలేదన్నది కూడా కథలో ఉంది. కొండకు కుక్కను తీసుకుపోవచ్చునా అని ఎవరైనా అడిగితే మన దగ్గర ఇంతకన్నా పాత సాక్ష్యం దొరకదు.

*

పుస్తకాలు పక్కన పెడదాం. ఈ గుట్టల దేవుడు మల్లన్న. పటాన్‌చెరు దగ్గర బీరంగూడ గుట్ట మీద మల్లికార్జునుడున్నాడు. సిద్దిపేట వైపు కొమురవెల్లి మల్లన్న కొలువూ గుట్ట మీదే. అక్కడ ఆయనకు ఒక పక్క బలిజ మేడలమ్మ, మరో పక్క గొల్ల కేతమ్మ. సంక్రాంతి నుంచి ఉగాది దాకా జాతర. ఆ కథను ఒగ్గు చెప్పే వాళ్ళు ఎక్కువగా కురుమలు. మహారాష్ట్రలో ఇదే దేవుణ్ణి ఖండోబా అంటారు, కర్ణాటకలో మైలారుడు. ఖండోబా బొమ్మల్లో గుర్రం పక్కన కుక్క ఉంటుంది. మైలారుడి భక్తుల్లో వగ్గయ్యలు దేవుడి కుక్కలుగా మారి మొరుగుతారు. మన ఎద్దుమైలారం పేరులోనూ ఆ దేవుడే ఉన్నాడేమో అనిపిస్తుంది నాకు. ఇప్పుడక్కడ యుద్ధ వాహనాలు తయారు చేసే ఆయుధ కర్మాగారం ఉంది.

గొర్రెల కాపరికి దేవుడు గొర్రెల కాపరిలాగే ఉండటంలో వింత లేదు. గొంగడి, కర్ర, కుక్క. ఎండాకాలంలో రాత్రిళ్ళు రైతు పొలంలో మంద పెడతారు, ఎరువు కోసం రైతు డబ్బో ధాన్యమో ఇస్తాడు. ఆ రాత్రి మందకు కాపలా కుక్కలదే. అట్లాంటి కుక్కకు పని నేర్పే బడి ఉండదు. పిల్లగా ఉన్నప్పుడే మందలో వదిలితే గొర్రెల మధ్య పెరిగి గొర్రెల్ని తనవాళ్ళనుకుంటుంది. వేరే కుక్క కనిపిస్తే మాత్రం దానికి అది తోడేలే. మన పెంపుడు కుక్క మందలోకి దూరడమంటే వాటి ఇంట్లోకి దొంగ దూరడమన్నమాట. ఈ సంగతి తెలియకపోవడం వల్లనే మా వాళ్ళు ‘వాళ్ళ కుక్కలు చాలా అగ్రెసివ్’ అనుకుంటూ ఉంటారు.

*

ఇక ‘ఫారిన్ రూల్స్’ సంగతి. కొండలెక్కడం ఆటగా మారిన కొత్తలో ఆల్ప్స్‌లో ఒక కుక్క బాగా పేరు తెచ్చుకుంది. దాని పేరు చింగెల్. 1868లో క్రిస్టియన్ ఆల్మర్ అనే స్విస్ గైడు దాన్ని కూలిడ్జ్ అనే కుర్రాడికి ఇచ్చాడు. ఆ కుర్రాడూ, వాళ్ళ మేనత్తో పినతల్లో వరస అయిన మెటా బ్రెవూర్ట్ అనే ఆవిడా, ఈ కుక్కా కలిసి ఏళ్ళ తరబడి శిఖరాలెక్కారు. 1875లో చింగెల్ మాఁ బ్లాఁ కూడా ఎక్కింది. లండన్‌లోని ఆల్పైన్ క్లబ్బు 1857లో పుట్టింది. అందులో ఆడవాళ్ళకు 1970ల దాకా సభ్యత్వం లేదు. అంచేత బ్రెవూర్ట్‌కు చోటు లేదు గానీ, ఆమె కుక్కను మాత్రం క్లబ్బు గౌరవ సభ్యురాలని సరదాగా చెప్పుకునేవారు. మర్యాదలు ఎవరు రాస్తే వాళ్ళకు అనుకూలంగా ఉంటాయనడానికి ఇది మంచి ఉదాహరణ.

ఇంగ్లండులో జరిగింది మనకు ఇంకా దగ్గరగా ఉంటుంది. పీక్ డిస్ట్రిక్ట్‌లోని ఎత్తు బీళ్ళూ రాళ్ళూ జమీందార్ల వేట భూములు. చుట్టుపక్కల మాంచెస్టరు, షెఫీల్డు ఫ్యాక్టరీ పట్టణాలు. ఆదివారం గాలి పీల్చుకోవడానికి వచ్చిన కూలీలను కావలివాళ్ళు తరిమేవారు. 1932 ఏప్రిల్ 24న వందలమంది కలిసి కిండర్ స్కౌట్ గుట్ట మీదికి కావాలనే నడిచారు. అయిదుగురు జైలుకు పోయారు. ఆ పోరాటం సాగి సాగి 2000 సంవత్సరంలో చట్టం వచ్చింది. ఇంగ్లండు, వేల్సుల్లో గుర్తించిన బీడు భూముల్లో ఎవరైనా నడవొచ్చు, రాళ్ళెక్కొచ్చు. అదే చట్టంలో కుక్కల గురించి కూడా రాశారు: మార్చి 1 నుంచి జూలై 31 దాకా, రెండు మీటర్లకు మించని తాడు మీదనే కుక్క ఉండాలి. పశువుల దగ్గర ఏడాది పొడుగునా అంతే.

ఆ అయిదు నెలలే ఎందుకు? నేల మీద గూడు పెట్టే పక్షులకు అది గుడ్ల కాలం. గొర్రెలు ఈనే రోజులు కూడా అందులోనే వస్తాయి. అంటే ‘ఫారిన్ రూల్’ అని మా కారులో అన్నది ఎక్కడో దొరల క్లబ్బులో పుట్టింది కాదు. ఒక గొర్రెల కాపరి ఫిర్యాదూ, ఒక పక్షి గూడూ కలిసి చట్టంలోకి ఎక్కాయి. ఇంకో సంగతి, నడిచే హక్కూ కుక్కకు తాడూ ఒకే చట్టంలో వచ్చాయి. గుట్ట అందరిదీ అని తేలిన రోజునే, అందరిదీ కాబట్టి నీ కుక్కను పట్టుకో అని కూడా తేలింది.

*

మన దగ్గర రాళ్ళెక్కడం ఆటగా స్థిరపడింది ఈ మధ్యనే. భువనగిరిలో ఏకశిల మీద చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుడి పేరున్న కోట ఉంది. ఆ రాతి మీదే శిక్షణ తీసుకున్న గురుకుల విద్యార్థులు మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ 2014 మే 25న ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్ళు నిండలేదు. హైదరాబాదులో ఖాజాగూడ గుట్టలు క్లైంబర్లకు ఇంటిలాంటివి. అంతకు ముందే 1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ మొదలై, నెలనెలా రాళ్ళ మధ్య నడకలు పెట్టి, తొమ్మిది శిలా సముదాయాలకు హుడా వారసత్వ నిబంధనల్లో చోటు దక్కేలా చేసింది.

ఆ తొమ్మిదికి బయట ఉన్నవి ఏమయ్యాయో ముంబై రోడ్డు మీద పోతుంటే తెలుస్తుంది. గుట్టలు పగిలి కంకర అయ్యాయి, కంకర టవర్లయింది. ఆ టవర్లలో మేమున్నాం. మా కుక్కలకు ఉరకడానికి చోటు లేదు కాబట్టి ఆదివారం మిగిలిన గుట్టలు వెతుక్కుంటూ సంగారెడ్డి దాకా వస్తున్నాం. కాపరిది కూడా అదే కథ. అక్కడ మేపు పోయి ఇక్కడికి వచ్చాడు. ఇద్దరం ఒకే కారణం వల్ల ఒకే బండ దగ్గర కలిశాం. తేడా ఏమిటంటే మాకది సెలవు, ఆయనకది పని.

*

ఇంతవరకూ యజమాని ఉన్న కుక్క గురించి. మన గుట్టల మొదట్లో ఉండే కుక్కల్లో చాలావాటికి యజమాని లేడు. విదేశీ మర్యాదలన్నీ కుక్కంటే దానికొక తాడు, తాడుకొక చెయ్యి ఉంటుందనే లెక్కతో రాసినవి. ఇక్కడ క్వారీ దగ్గరో, లేబర్ క్యాంపు దగ్గరో పది పన్నెండు కుక్కలుంటాయి. ఆదివారం మనం పోయి మిగిలిన బిర్యానీ, బిస్కెట్లు వేస్తాం. అవి తోక ఊపుతాయి. మనకు సంతోషం. సాయంత్రానికి మనం వెళ్ళిపోతాం, గుంపు అక్కడే ఉంటుంది.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదు అంబర్‌పేటలో ఒక వాచ్‌మన్ కొడుకు, నాలుగేళ్ళవాడు, వీధికుక్కల దాడిలో చనిపోయాడు. 2024 జూన్ చివర్లో పటాన్‌చెరు పక్కన ఇస్నాపూర్‌లో బిహారు నుంచి వచ్చిన కూలీల బిడ్డ అట్లాగే పోయాడు. ఇద్దరూ కష్టం చేసుకునే వాళ్ళ పిల్లలే కావడం కాకతాళీయం కాదు. గేటు లేని చోట, ఆరుబయట పెరిగే పిల్లల మీదే ఈ భయం పడుతుంది. ప్రపంచంలో రేబీస్‌తో చనిపోయే వాళ్ళలో మూడో వంతు కంటే ఎక్కువమంది మన దేశంలోనే అని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

కుక్కల్ని చంపడం దీనికి మందు కాదు. 2001లో, మళ్ళీ 2023లో వచ్చిన కేంద్ర నియమాలు చెప్పేది ఆపరేషను చేసి, టీకా వేసి, పట్టిన చోటే వదలమని. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా రేబీస్ ఉన్నవాటినీ కరిచే స్వభావం ఉన్నవాటినీ మినహాయించి అదే పద్ధతి చెప్తూ, తిండి పెట్టడానికి వేరుగా స్థలాలు చూపించాలంది. మనలాంటి ఆదివారపు అతిథులకు ఇందులో ఉన్న పాఠం చిన్నది: గుట్ట మొదట్లో తిండి వేయొద్దు. ప్రేముంటే ఆ డబ్బుతో నాలుగు కుక్కలకు టీకా వేయించొచ్చు.

కుక్కల గుంపు పెరిగితే ఇంకో అతిథి కూడా వస్తుంది. మహారాష్ట్రలో అకోలె ప్రాంతపు పొలాల్లో తిరిగే చిరుతల తిండి మీద 2014లో వచ్చిన పరిశోధనలో, బరువు లెక్కన 39 శాతం కుక్కలేనని తేలింది. మన వైపు 2022 డిసెంబరులో గడ్డపోతారం పారిశ్రామికవాడలో ఒక మందుల ఫ్యాక్టరీలోకి చిరుత దూరింది, మత్తిచ్చి పట్టుకున్నారు. బండల సందుల్లో మనకంటే ముందు మన కుక్కే దూరుతుందని గుర్తు పెట్టుకోవాలి.

*

ఆ గొర్రె కాలు విరిగినప్పటినుంచి మేం పాటిస్తున్నవి ఇవి. గుట్ట దిగి కారెక్కేదాకా కుక్క తాడు మీదే ఉంటుంది. బిలే చేసే మనిషికి ఎప్పుడూ కట్టం, ఎందుకంటే పైవాడి ప్రాణం పట్టుకున్న చేతిని కుక్క లాగితే కథ ముగుస్తుంది. బండకు దూరంగా, రాయి గానీ మనిషి గానీ పడే చోటికి బయట, నీడలో, నీళ్ళు పెట్టి కడతాం. ఎక్కే తాడు మీద కుక్కను నడవనివ్వం, గోళ్ళతోపాటు ఇసుక కూడా తాడులోకి దిగుతుంది. అది మొరిగి ‘టేక్’, ‘స్లాక్’ అన్న కేకలు వినపడకపోతే ఇంటికి తీసుకుపోతాం. దాని మలాన్ని ఎత్తి సంచిలో మనతో తెస్తాం. అరచేయి బండ మీద పెట్టి చూసి, ఓర్చుకోలేకపోతే దాని పాదాలూ ఓర్చుకోలేవని తిరిగి వస్తాం. రాతి మీద పాత రంగుల గీతలో గుడ్లగూబో కనిపిస్తే ఆ బండను కుక్కకే కాదు, మాకూ వద్దనుకుంటాం. కుక్క గానీ గీరితే గానీ సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు టీకాకు పోవాలని అందరికీ చెప్పి ఉంచాం. మంద కనిపిస్తే మేమే ఆగుతాం.

ఇన్నిటిలో చివరిది అన్నిటికన్నా కష్టమైంది. బండ సగం ఎక్కి ఉన్నప్పుడు మంద వస్తే దిగి కుక్కను పట్టుకొని కూర్చోవాలి. పావుగంట పోతుంది. ఒక్కోసారి అరగంట.

పోయిన చలికాలం మళ్ళీ అదే గుట్టకు పోయాం. రిటైరైన క్లైంబింగ్ తాడు ముక్కతో కుక్కను వేపచెట్టుకు కట్టాం. మంద వచ్చింది, ముసలాయనా వచ్చాడు. గుర్తుపట్టాడో లేదో తెలియలేదు. కుక్కను, తాడును, చెట్టును ఒకసారి చూసి, “ఇది గట్టి తాడేనా?” అని అడిగాడు. మనుషులు వేలాడే తాడు తాతా అన్నాను. “అయితే మంచిదే,” అని మందను మా పక్క నుంచే తోలుకుపోయాడు. ఆయన కుక్కలు రెండూ మమ్మల్ని చూసుకుంటూ, ఆగకుండా, మంద వెనకే పోయాయి.